నాలుగు వేళ్ళ సందు

మా అక్కకు కుడి మోకాలు వంగదు. ముందు ఈ మాట చెప్పకపోతే తక్కినదేదీ అర్థం కాదు. ఆ కాలు వంగేదై ఉంటే నేను ఆ బల్ల చేసేవాణ్ణీ కాదు, ఈ వయసులో కూర్చుని ఇదంతా రాసుకునే గతీ పట్టేది కాదు.

యాభైల చివరి మాట. సరుగుడు కట్టెల బండి మీద వస్తుంటే చక్రం గుంతలో పడి బండి ఒరిగింది. అక్క కింద పడింది, ఆమె మీద కట్టెలు పడ్డాయి. కట్టు కట్టే ఆయన వెదురు బద్దలు పెట్టి, కోడిగుడ్డు సొన పూసి, గుడ్డలు చుట్టి, నలభై రోజులు కదలొద్దన్నాడు. కదల్లేదు. నలభై రోజులయ్యాక విప్పి చూస్తే కాలు నిటారుగా బిగిసిపోయి ఉంది. నడుస్తుంది, నిలబడుతుంది. కింద మాత్రం కూర్చోలేదు. కింద కూర్చోలేని ఆడమనిషికి ఆ రోజుల్లో మా పక్క ఏం పని ఉంటుంది చెప్పండి? పొయ్యి నేల మీద, రోలు నేల మీద, కత్తిపీట నేల మీద. వంటిల్లంటేనే నేల.

అక్క నాకంటే పదేళ్ళు పెద్దది. అమ్మ పోయినప్పుడు నాకు ఆరేళ్ళు. అక్కకు పెళ్ళయిన మూడో ఏడు మొగుడు జ్వరంతో పోతే మా ఇంటికి తిరిగొచ్చేసింది. వచ్చి ఏడుస్తూ కూర్చోలేదు. పంచలో ఒక కుంపటి పెట్టుకుని గుంతల పెంకులో పులిబొంగరాలు పోసి అమ్మడం మొదలుపెట్టింది. మా ఊరు చిట్టమూరు దాటి సముద్రం వైపు పోతే వస్తుంది. అప్పట్లో పన్నెండు తాటాకు ఇళ్ళు, అన్నీ క్రైస్తవులవే, మధ్యన రేకుల చర్చి. గూడూరు పోయే పొద్దుటి బస్సు సరిగ్గా అక్క పంచ ముందు ఆగేది. డ్రైవరు దిగకుండానే, "అక్కా, నాలుగు! కారం ఎక్కువ ఎయ్యి!" అని కేకేసేవాడు. పులిబొంగరాలు ఆకులో చుట్టి, మీద ఎర్రకారం పూసి, కిటికీలోంచి అందించేది. ఆ కుంపటి మీదే నన్ను పెంచింది. ఆ కుంపటి మీది సంపాదనతోనే నన్ను వడ్రంగి మేస్త్రి దగ్గర పనికి పెట్టింది.

అట్లాంటి మనిషి కాలు పోయాక మా ఇంట్లో మంచం మీద కూర్చుంది. నాకప్పటికే పెళ్ళయి, అక్క ఇంటికి నాలుగిళ్ళ అవతల వేరే కాపురం. నా భార్య చెడ్డది కాదు. వేళకు కంచంలో అన్నం పెట్టి మంచం దగ్గరికే తెచ్చిచ్చేది. అదే అక్క ప్రాణం తీసేది. అన్నం కలిపి, ముద్ద చేసి, నోట్లో పెట్టుకోకుండా దాని వైపు చూస్తూ కూర్చునేది. ఒక శనివారం నేను గూడూరు నుంచి వచ్చేసరికి మొహం ముడుచుకుని ఉంది.

"రే, నేను నిలబడగలను గదా," అంది.

"నిలబడగలవు. అయితే?"

"నిలబడి వొండే పొయ్యి ఒకటి చేసియ్యి. నువ్వు వడ్లోడివి. అది గూడా చేతగాకుంటే నిన్ను పనికి పెట్టింది ఎందుకంట?"

"మట్టి కుంపట్ని బల్ల మీద పెడితే బల్ల కాలిపోదా అక్కా?"

"అదేమో నాకు తెలవదు. అది నీ పని. ఇట్టా కూర్చోబెట్టి కూడు పెట్టేదానికంటే ఆ కట్టెల కిందనే పోయుంటే బాగుండేది. నా చేత్తో నేను వొండుకుని తినాల. అంతే."

అని అటు తిరిగి పడుకుంది. కళ్ళ నీళ్ళు పెట్టుకోలేదు. పెట్టుకుని ఉంటే నేను ఏదో ఓదార్చి ఊరుకునేవాణ్ణేమో. ఆ మొండితనం చూసే నాకు పట్టుదల వచ్చింది.

నా పని అప్పుడు గూడూరులో, అభ్రకం షెడ్లలో. షెడ్డు నిండా ఆడవాళ్ళు వరసగా కూర్చుని అభ్రకం దిమ్మల్ని చాకుతో రేకులు రేకులుగా చీల్చేవాళ్ళు. ఆ రేకుల్ని ఓడలెక్కించడానికి చెక్కపెట్టెలు కావాలి. ఆ పెట్టెలు కొట్టేవాళ్ళలో నేనొకణ్ణి. వారమంతా అక్కడే ఉండి శనివారం సాయంత్రం బస్సుకు ఇంటికొచ్చేవాణ్ణి. గూడూరులో పనిచేసే మాకందరికీ అభ్రకం అంటే ఒక పొగరు ఉండేది. కొత్తవాడెవడైనా షెడ్డుకు వస్తే చాలు, అగ్గిపుల్ల గీసి అభ్రకం ముక్కకు పెట్టి, "చూడు, కాలతా ఉండాదా? నువ్వు కాలతావు గానీ ఇది కాలదు," అనేవాళ్ళం. ఇస్త్రీ పెట్టె లోపల ఇదే, కరెంటు పొయ్యి లోపల ఇదేనని పెద్ద తెలిసినట్టు చెప్పేవాళ్ళం. అంటే మా చేతుల్లో నిప్పుకు మందు ఉన్నట్టే లెక్క. అట్లా అనుకునేవాణ్ణి, మూర్ఖుణ్ణి.

మామిడి పలకలు తెచ్చాను. రెండంగుళాల మందం. కాళ్ళకు తుమ్మ. అక్కను గోడకు ఆనుకుని నిలబెట్టి, మోచెయ్యి వంచమని, అక్కడికి ఒక జానెడు కిందగా గోడ మీద బొగ్గుతో గీత గీశాను. బల్ల ఎత్తు అది. తర్వాత కాలవ అవతల ఉండే కుమ్మరి ముసలాయన దగ్గరికి పోయి, గోడలు మందంగా, పైన వెడల్పు అంచు పెట్టి ఒక కుంపటి చేసిమ్మన్నాను. ఎందుకట్లా అని అడిగాడు. బల్లకు గుండ్రంగా బొక్క కోసి అందులో దించుతానని చెప్పాను.

ఆయన చేతిలోని మట్టి సారె మీద పెట్టేసి నా వైపు తిరిగాడు.

"చెక్కలోనా? సరే, పెట్టుకో. అయితే చుట్టూతా నాలుగు వేళ్ళ సందు ఇడువు. మూడు ఇనప చువ్వలు అడ్డమేసి వాటి మీద కూర్చోబెట్టు. కుంపటి చెక్కకి యాడా తగలకూడదు. కింద మూసెయ్యబాక, గాలి ఆడాల. బూడిద రాలేదానికి ఒక తట్టలో ఇసక పోసి పెట్టు."

"నాలుగు వేళ్ళ సందా! అందులో కోడిపిల్ల దూరతాది పెద్దాయనా."

"దూరనీ."

"సందు ఎందుకు? నా దగ్గర అభ్రకం ఉండాది. చుట్టూ అది కూరతాను. అది కాలదు."

"అది కాలదులే అబ్బయ్యా. దాని ఎనక ఉండే చెక్క కాలతాది గదా? నేను కుండలు కాల్చే ఆవం పక్కన పుట్టినోణ్ణి. మంటనైతే కంటితో చూస్తావు, వేడిని యాడ చూస్తావు? అది దూరుకుంటా పోతాది. ఇడిస్తే గాలిలోకి పోతాది. ఇడవకపోతే చెక్కలోకి పోతాది. అంతే."

నేను నవ్వాను. పైకి కాదు, లోపల. కుండలు చేసుకునేవాడికి అభ్రకం సంగతి ఏం తెలుసు అనుకున్నాను. "అట్నేలే పెద్దాయనా," అని కుంపటి నెత్తిన పెట్టుకుని వచ్చేశాను.

ఇక్కడ నా మేస్త్రి గురించి ఒక మాట చెప్పాలి, నా తప్పు ఆయన మీదికి నెట్టడానికి కాదు. మా వడ్లపనిలో సందు అంటే అవమానం. మేస్త్రి మేము చేసిన అతుకు దగ్గర కూర్చుని, తుమ్మముల్లు ఒకటి తీసుకుని సందులో గుచ్చి చూసేవాడు. ముల్లు దూరిందా, సుత్తి తీసుకుని అతుకంతా పగలగొట్టేవాడు. తర్వాత ఆ సుత్తి పిడితోనే వీపు మీద. అట్లా ఆరేళ్ళు నేర్చుకున్నాను. సందు కనిపిస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. అట్లాంటివాణ్ణి పట్టుకుని నాలుగు వేళ్ళు వదలమంటే ఎట్లా వదులుతాను? పైగా అది మా అక్క కోసం చేసే పని. నా చేతిలోంచి అంతకంటే చక్కటి పని రాకూడదని కూర్చున్నాను.

మేకుకు దారం కట్టి గుండ్రం గీశాను. కుంపటికీ చెక్కకూ మధ్య ఒక్క వేలు మాత్రం వదిలాను. ఆ వేలెడు సందులో షెడ్డు నుంచి తెచ్చుకున్న అభ్రకం తుక్కు పొర మీద పొరగా కూరి, చెక్కసుత్తితో గట్టించాను. పైన కుంపటి అంచుకు అంటుకునేట్టు ఒక చెక్కపట్టీ గుండ్రంగా చెక్కి బిగించాను. నీళ్ళు పోస్తే చుక్క కారలేదు. ముల్లు దూరలేదు. కింద గాలి ఆడాలన్నాడా? నేను కింద కూడా పెట్టెలాగా మూసేశాను, సముద్రపు గాలికి నిప్పురవ్వలు ఎగరకుండా. ఆ పెట్టె లోపలా అభ్రకం రేకులే పరిచాను. బూడిద తీసుకోవడానికి చిన్న తలుపు. ఆఖరున బల్లంతా అవిసె నూనె పట్టించి, గుడ్డతో రుద్ది రుద్ది, మొహం కనిపించేట్టు చేశాను. నిప్పు పెట్టబోయే చెక్కకు నూనె! ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

బల్లను అక్క ఇంటికి మోసుకుపోయి పంచలో పెట్టిన రోజు మాత్రం నేను మరిచిపోలేను. మరిచిపోతే బాగుండునని చాలాసార్లు అనుకున్నాను. అక్క వచ్చి బల్ల ముందు నిలబడింది. అరచెయ్యి చెక్క మీద ఆనించింది. ఎత్తు సరిపోయింది. బొగ్గులు వేసి, విసనకర్రతో విసిరి, పులిబొంగరాల పెంకు పెట్టి, నూనె చుక్కలు వేసి, పిండి పోసింది. ఆ చుయ్యిమన్న చప్పుడుకు నా వైపు తిరిగి నవ్వింది. కాలు విరిగాక ఆమె నవ్వడం అదే మొదలు. పక్కింటావిడ దడి మీద నుంచి తొంగిచూసి, "ఏందమ్మో, దొరసానమ్మ మాదిరి నిలబడి వొండతా ఉండావు! ఇంక మేమంతా నీ కాడికి వచ్చి దండం పెట్టాలేమో!" అని ఎగతాళి చేసింది. "పెట్టుకో, పెట్టుకో. నీకు రెండు ఊరికినే ఇస్తాలే," అంది అక్క. మర్నాటి నుంచి ఆమె మళ్ళీ తన ఇంట్లోనే ఉంది. బస్సు మళ్ళీ ఆగింది.

ఎనిమిది తొమ్మిది నెలలు బాగానే జరిగింది. బాగానే జరిగిందని నేను అనుకున్నాను. లోపల ఏం జరుగుతోందో చూసేందుకు నేనే సందు ఉంచలేదు కదా.

చలికాలం పోతుండగా ఒకసారి అక్క అంది, "రే, కొయ్య కాలిన వాసన వస్తా ఉండాదిరా."

"కొత్త చెక్క అక్కా. వేడికి రసం కారతాది, ఆ వాసన. పోతాదిలే."

ఇంకో నెలకు పట్టీ చుట్టూ చెక్క టీ రంగుకు తిరిగింది. నేను చిత్రిక పట్టి పైపొర తీసేసి మళ్ళీ నూనె రాశాను. ఆ తర్వాత ఇంకోసారి ఆమె, "పెద్దాయన్ని ఒకసారి తీసుకొచ్చి చూపిద్దామా?" అంది. నాకు కోపం వచ్చింది. "నా పని నాకు తెలవదా? కుమ్మరాయన వచ్చి చెప్పాల్నా?" అని గట్టిగా అన్నాను. ఆమె ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఆరేళ్ళ పిల్లవాణ్ణి పెంచి పనివాణ్ణి చేసుకున్న మనిషి, ఆ పనివాడి మాట నమ్మకుండా ఎట్లా ఉంటుంది?

ఎండాకాలం వచ్చింది. మామూలు రోజుల్లో అక్క రాత్రికి నిప్పుకణికల మీద బూడిద కప్పి దాచుకునేది, పొద్దున్నే అగ్గిపుల్ల ఖర్చు లేకుండా. మా పక్క అందరూ అంతే. శనివారం మాత్రం దాచేది కాదు. ఆదివారం ఆరాధన అయ్యేదాకా మాలో ఎవరూ పొయ్యి వెలిగించరు. అందుకని శనివారం పొద్దుగూకే ముందే చెంబుతో నీళ్ళు పోసి కుంపటి పూర్తిగా ఆర్పేసేది.

ఆ ఆదివారం అందరం చర్చిలో ఉన్నాం. పడమటి నుంచి వడగాలి ఒకటే కొడుతోంది. పాస్టరుగారు వాక్యం చెబుతుండగా తాటాకు కాలే వాసన. కిటికీ దగ్గర కూర్చున్న ఆయన లేచి, "ఇల్లు! ఇల్లు అంటుకున్యాది!" అని అరిచాడు. బయటికి పరిగెత్తేసరికి అక్క పంచ కప్పు మీదికి మంట పోయింది. ఇసక చల్లాం, కాలవ నుంచి కడవలు అందుకుని పోశాం. గాలి ముందు మేమెంత? అక్క ఇల్లు, దాని పక్కన రెండిళ్ళు పోయాయి. అందులో ఒకటి దడి మీద నుంచి ఎగతాళి చేసిన పక్కింటావిడది. ఆమె దూడను కట్టేసి చర్చికొచ్చింది. విప్పడానికి ఎవరికీ అందలేదు. ఆ దూడ అరుపు విన్నవాళ్ళెవరూ ఆ పూట అన్నం తినలేదు.

మంటలు చల్లారాక నేను ముందుగా పోయింది బల్ల దగ్గరికి. ఒక పక్క కాళ్ళు విరిగి ఒరిగి ఉంది. సగం బల్ల ఇంకా మిగిలే ఉంది. ఉలి పెట్టి పట్టీ లేపాను. అభ్రకం తళతళలాడుతోంది, ఒక్క ముక్క కాలలేదు. దాని వెనక చెక్క చుట్టూ జానెడు మేర బొగ్గయిపోయి ఉంది. వేలు పెడితే పొడి రాలింది. పైన మాత్రం నేను నూనె రాసి రుద్దిన నునుపు అక్కడక్కడా అట్లాగే ఉంది. పైనుంచి అంటుకున్న చెక్క పైనుంచి కాలుతుంది. ఇది లోపలి నుంచి కాలింది. ఒక్క రోజులో కాలింది కూడా కాదు, నెలల తరబడి కాలింది. కుంపటి మీద అక్క బోర్లించిన పెంకు అట్లాగే ఉంది, మేము పోసిన నీళ్ళు లోపలికి పోయే వీల్లేదు. పెంకు తీసి చూశాను. బూడిద గడ్డకట్టి ఉంది. నీళ్ళు పోస్తే తప్ప బూడిద అట్లా గడ్డకట్టదు. అక్క నిప్పు ఆర్పింది. శుభ్రంగా ఆర్పింది. ఆ నీళ్ళు చెక్క లోపలి నిప్పును చేరలేదు, అది రాత్రంతా రాజుకుని వడగాలికి మంటయింది. నాకు అప్పుడే, అక్కడే, అంతా తెలిసిపోయింది.

అప్పటికే చర్చి ముందు ఇసకలో జనం చేరారు. సంఘపెద్ద అక్కను అడుగుతున్నాడు. ఆయన మంచి మనిషి, మెల్లిగానే అడిగాడు.

"నిన్న నిప్పు ఆర్పినావా అమ్మా?"

"ఆర్పినాను. నీళ్ళు పోసినాను."

"నిన్ననేనా? బాగా గుర్తుండాదా?"

అక్క ఆలోచించింది. ప్రతి వారం చేసే పని, ఒక వారానిది ఇంకో వారంతో కలిసిపోకుండా ఎవరికి గుర్తుంటుంది? "పోసినట్టే ఉండాను," అంది, గొంతు తగ్గించి.

ఆ తడబాటు చాలు. దూడ పోయినావిడ జుట్టు విరబోసుకుని మీదికొచ్చింది. "పోసినట్టుండావా? నా కొంప కాలిపోయినాక పోసినట్టుండావా? కాలు లేనిదానివి ఒక మూల పడుండకుండా నీకెందుకే ఈ నిలబడే పొయ్యి! నా దూడ ఏం చేసిందే నిన్ను!"

అక్క నా వైపు చూసింది. ఉలి ఇంకా నా చేతిలోనే ఉంది. నేను నోరు తెరిచి ఒక్క మాట అంటే చాలు. అనలేదు. ఎందుకనలేదో ఇన్నేళ్ళుగా నాకు నేను రకరకాలుగా చెప్పుకున్నాను. మూడిళ్ళు మళ్ళీ కట్టించమంటారని భయం. వీడు చేసిన పని ఇదీ అని గూడూరు దాకా పాకుతుందని భయం. అదంతా ఒక ఎత్తు. కుమ్మరి ముసలాయన ఆ జనంలోనే, భుజాన కడవతో నిలబడి ఉన్నాడు. ఆయన ముందు ఒప్పుకోవడం నా వల్ల కాలేదు. నిజం అది. ఆయన కళ్ళు నా చేతిలోని ఉలి మీదే ఉన్నాయి. నేను చెబుతానని చూశాడేమో, కాసేపుండి కడవ దించుకుని వెళ్ళిపోయాడు.

నేను నేల చూపులు చూస్తుంటే అక్కే అంది, "మరిచిపోయినట్టుండాను. నా వల్లనే. నన్ను క్షమించండి."

ఆ సాయంత్రం పొద్దుండగానే మిగిలిన బల్లను, కుంపటిని, గడ్డకట్టిన బూడిదతో సహా కాలవ దాకా ఈడ్చుకుపోయి నీళ్ళలో పడేశాను. అక్క కళ్ళ పడకుండా తీసేస్తున్నానని ఊళ్ళోవాళ్ళు అనుకున్నారు. నేను నా కళ్ళ పడకుండా తీసేశాను.

అక్క మళ్ళీ మా ఇంటి మంచం మీదికొచ్చింది. ఈసారి కంచం వైపు చూస్తూ కూర్చోవడం లేదు. పెట్టింది పెట్టినట్టు తినేది, తల ఎత్తకుండా. నిప్పు ముట్టడం మానేసింది. దీపం కూడా వెలిగించేది కాదు. "అమ్మాయా, దీపం పెట్టు," అని నా భార్యను పిలిచేది. వంటయ్యాక, "ఆర్పినావా?" అని అడిగేది. "ఆర్పినాను వదినా." పది నిమిషాలకు మళ్ళీ, "ఆర్పినావా?" పక్కిళ్ళ పొయ్యిల గురించీ అడిగేది. బజారులో వాళ్ళు ఆమెను చూసి, "ఆర్పినామమ్మా, ఆర్పినాం!" అని ఎగతాళి చేసేవాళ్ళు. దూడ పోయినావిడ చచ్చేదాకా మాట్లాడలేదు. ఒకసారి నేను, "ఇంకో బల్ల చేసియ్యనా?" అంటే చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది. "నా చేతికి నిప్పు ఇయ్యబాకరా," అంది. అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు. వచ్చే శనివారం చెబుతాననుకునేవాణ్ణి. అట్లా ఏడేళ్ళు శనివారాలు గడిచిపోయాయి. కుమ్మరి ముసలాయన కూడా పోయాడు. తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను.

అరవైల నడుమ ఒకసారి నా భార్య పుట్టింటివైపు ఎవరో చనిపోతే పిల్లల్ని వెంటబెట్టుకుని హడావిడిగా వెళ్ళింది. సాయంత్రానికల్లా తిరిగొస్తాననుకుని పొద్దున వండిపెట్టి పోయింది. బస్సులు లేక మూడు రోజులు చిక్కుకుపోయింది. నేను గూడూరులో ఉన్నాను. శనివారం వచ్చేసరికి అక్క మంచం మీద కూర్చుని గిన్నెలోంచి ఏదో నములుతోంది. పటపటమని చప్పుడు. చూస్తే నానబెట్టిన బియ్యం.

"ఇదేందక్కా?"

"బాగానే ఉండాయిరా. నానితే మెత్తబడతాయి."

"మూడు దినాలుగా ఇదేనా? పక్కింట్లో అడక్కూడదా? పొయ్యి ఎలిగించుకోకూడదా?"

"ఎవుర్ని అడగమంటావు? పొయ్యి నేనెట్టా ఎలిగిస్తాను? మళ్ళా మరిచిపోతే?"

ఆమె కాళ్ళ దగ్గర నేల మీద కూలబడి ఏడుస్తూ మొత్తం చెప్పేశాను. ముసలాయన నాలుగు వేళ్ళ సందు వదలమన్నాడని, నేను వదల్లేదని, చెక్క లోపల్నుంచి కాలిందని, బూడిద గడ్డకట్టి ఉండటం కళ్ళారా చూశానని, ఆమె ఆర్పిందని, శుభ్రంగా ఆర్పిందని.

అక్క చివరిదాకా విన్నది. గిన్నె పక్కన పెట్టింది. నా తల మీద చెయ్యి వేసి నిమిరింది.

"నా మనసు కుదుటపడాలని చెప్తా ఉండావు," అంది.

"కాదక్కా! నిజం!"

"నిజమైతే ఆ దినమే చెప్పుండేవాడివి గదరా. నువ్వు అట్టా చూస్తా ఊరుకునే రకమా? నేను పెంచినోణ్ణి నాకు తెలవదా?"

"కాలిన వాసన వస్తా ఉండాదని నువ్వే గదా చెప్పినావు," అన్నాను.

"అది కొత్త చెక్క వాసన. నువ్వే చెప్పినావు."

"నీ మీద ఒట్టు అక్కా…"

చప్పున నా నోరు మూసింది. "ఒట్టు పెట్టకూడదు. అందులో అబద్ధానికి అసలు పెట్టకూడదు. ఊరుకో. నువ్వు నా కోసం ఇంత మాట అనుకున్నావు, అది చాలు నాకు."

ఆ బల్ల ఉంటే చూపించేవాణ్ణి. ముసలాయన ఉంటే చెప్పించేవాణ్ణి. సంఘపెద్ద దగ్గరికి పోయి చెప్పాను. ఆయన నా భుజం తట్టి, "అక్క అంటే అంత ప్రాణం ఉండాల్సిందే," అన్నాడు. ఒప్పుకుంటానంటే ఒప్పుకునేవాడు లేడు.

నాకు పిచ్చెత్తినట్టయింది. ఇంకో బల్ల చేశాను. ఈసారి ముసలాయన చెప్పింది చెప్పినట్టు. ఆయన కొడుకు చేత కుంపటి చేయించి, మూడు ఇనప చువ్వల మీద కూర్చోబెట్టాను. చుట్టూ నా నాలుగు వేళ్ళు పెట్టి కొలిచాను, అటూ ఇటూ తగలకుండా చెయ్యి తిరిగింది. కింద వట్టిగా వదిలాను. ఇసక తట్ట పెట్టాను. నూనె రాయలేదు. తాటాకు కప్పు కింద కాకుండా దొడ్లో, గాలికి అడ్డంగా మట్టిగోడ కట్టి పెట్టాను. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా బొగ్గులు మండించి, చెక్క అంచు మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా కూడా లేదు. ఎంత తేలిక పని అది! మొదటిసారే చేసి ఉంటే ఇంకా తొందరగా అయిపోయేది.

అక్కను పిలిచి చూపించాను. బల్లను చేత్తో తడిమింది. "బాగుండాది నాయినా," అంది. "అమ్మాయిని వొండమను. దాని నడుముకు సుఖంగా ఉంటాది." మూడడుగులు వెనక్కి వేసి, గోడకు ఆనుకుని నిలబడింది. నా భార్య వండింది. అయ్యాక అక్క, "ఆర్పినావా?" అని అడిగింది.

ఆ సాయంత్రం దీపం పెట్టాక అందరం కుటుంబ ప్రార్థనకు కూర్చున్నాం. అక్క ఎప్పుడూ పైకి ప్రార్థన చేసే మనిషి కాదు. ఆ రోజు తనే చేస్తానంది. కళ్ళు మూసుకుని, చేతులు జోడించి మొదలుపెట్టింది. "ప్రభువా, నా అజాగ్రత్త వల్ల ముగ్గురి కొంపలు కాలిపోయినాయి. నోరులేని దూడ సచ్చిపోయింది. ఆ పాపాన్ని నా కోసరం తన మీద ఏసుకునే తమ్ముణ్ణి ఇచ్చినావు తండ్రీ. ఇట్టాంటి తమ్ముడు లోకంలో ఎవురికీ ఉండడు. అతన్ని చల్లగా చూడు."

నా భార్య ఏడుస్తూ ఆమెన్ అంది. పిల్లలన్నారు. అక్క కళ్ళు తెరిచి నా వైపు చూస్తూ ఆగింది, నేనూ అనాలని.

ఆమెన్ అన్నాను.